సూక్ష్మదర్శిని: అది చూపునది, మనము చూచునది

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున విజ్ఞానశాస్త్ర విషయమై కొంతసేపు మాటలాడవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఉపన్యాసకుడను అంతకన్న గాను. ముప్పది సంవత్సరములకు పైగా ఆరోగ్యశాఖలో ప్రయోగశాల సహాయకుడనుగా పనిచేసి, ఆ కాలములో అధిక భాగము ఒక గొట్టమునకు కన్ను మోపి కూర్చున్నవాడను. కావున నాకు తెలిసిన ఆ గొట్టమును గూర్చియే చెప్పెదను. మీ యెదుట ఈ బల్లమీద నున్నది అదియే. దీనిని సూక్ష్మదర్శిని యందురు. నా ప్రసంగము ముగిసిన పిదప ఎవరికి వారు వచ్చి చూచుటకు కొన్ని గాజుపలకలు సిద్ధపరచి తెచ్చితిని. కనుక కొంచెము ఓపిక పట్టుడు.

తెల్లవారుజామున చేమదుంపల మడికి పోయినవారు ఆకుమీది మంచుబొట్టును చూచియే యుందురు. ఆ బొట్టు క్రింద ఆకు ఈనె తక్కిన చోట్లకంటె లావుగా కనబడును. నీటిబొట్టు పైభాగము గుండ్రముగా ఉబ్బి యుండుటచే, దానిలోనుండి వచ్చు వెలుతురు కిరణములు వంగి మన కంటిని చేరును. వంగిన కిరణములను కన్ను తిన్ననివే యనుకొని, వస్తువు పెద్దదిగా నున్నదని భ్రమించును. మన గ్రంథాలయములో ఉదయము పత్రిక చదువ వచ్చు పెద్దలు చేత పట్టు భూతద్దము చేయు పనియు ఇంతే. ఉబ్బెత్తు గాజుబిళ్ళ ఎంత చిన్నదై, ఎంత గుండ్రనై యుండునో అంత ఎక్కువగా కిరణములను వంచును, అంత పెద్దదిగా చూపును.

ఈ సూత్రముతోనే అద్భుతములు చేసిన ఒక బట్టల వర్తకుని కథ చెప్పక ముందుకు పోజాలను. ఆయన పేరు లీవెన్‌హుక్. హాలెండు దేశమున డెల్ఫ్ట్ పట్టణమువాడు. 1632లో జన్మించి 1723 వరకు జీవించెను. నేతలో పోగులెన్నియో లెక్కించుటకు ఆ దేశపు బట్టల వర్తకులు భూతద్దమును వాడెడివారు. ఈయన అంతటితో తృప్తిపడక, ఆవగింజవంటి గాజుపూసలను తానే సానబట్టి, రెండు లోహపు రేకుల నడుమ బిగించి, కంటికి ఆనించి చూచెడివాడు. ఆయన చేసిన పరికరములలో నేటికి మిగిలియున్నదొకటి 266 రెట్లు పెద్దదిగా చూపగలదు. 1674లో చెరువునీటిలో ఈదులాడు ప్రాణులను చూచెను. తరువాత మిరియము ఘాటుగా నెందుకుండునో తెలిసికొనగోరి మిరియములను నీటిలో నానవేసి ఆ నీటిని చూచెను. ఘాటు సంగతి తేలలేదు గాని, 1676లో ఆ నీటియందు అంతవరకు మానవుడెవ్వడును చూడని అతిసూక్ష్మ జీవులు కంటబడెను. బాక్టీరియా యని మనమిప్పుడు పిలుచునవి అవియే. లండనులోని రాయల్ సొసైటీ పండితులకు ఈ వార్తను వ్రాసినప్పుడు వారు మొదట నమ్మలేదు. 1677లో రాబర్ట్ హుక్ అను శాస్త్రజ్ఞుడు స్వయముగా చూచి చూపిన తరువాతనే నమ్మిరి.

లీవెన్‌హుక్ విశ్వవిద్యాలయము మెట్లెక్కినవాడు కాడు. లాటిను భాష నేర్వలేదు. తన సంగతులన్నియు తన యూరి డచ్చి భాషలోనే వ్రాసెను. తెలుగున విజ్ఞానశాస్త్ర గ్రంథములుండవలెనని 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి వంటివారి కృషి నెరిగిన మనకు ఈ మాట చెవికి హితముగా నుండును.

ఒంటి పూసలో ఒక చిక్కు కలదు. అది ఎంత చిన్నదైన కంటిని అంత దగ్గరగా మోపవలెను. కన్ను నొచ్చును, వెలుతురు చాలదు. అందుచేత రెండంచెల ఏర్పాటు కావలసి వచ్చినది. ఈ గొట్టము అడుగున, గాజుపలకకు చేరువగా నున్న చిన్న కటకమును చూడుడు. దీనిని వస్తుకటకమందురు. అది వస్తువుయొక్క పెద్ద ప్రతిబింబమును గొట్టము లోపల గాలిలో నిలుపును. సినిమాహాలులో చిన్న ఫిల్ము ముక్కలోని బొమ్మ తెరమీద పెద్దదై పడునట్లే యనుకొనుడు. ఇచ్చట తెర లేదు, అంతే భేదము. పైన కన్ను మోపు చోట మరియొక కటకము కలదు. ఇది అక్షికటకము. ఆ గాలిలోని ప్రతిబింబమును ఇది భూతద్దమువలె మరల పెద్దది చేసి చూపును. క్రింది కటకము నూరు రెట్లు, పై కటకము పది రెట్లు చూపినచో మొత్తము వేయి రెట్లు. బొమ్మ తలక్రిందులుగా నుండును. గాజుపలకను కుడివైపునకు జరిపిన, లోని వస్తువు ఎడమకు పరుగెత్తును. కొత్తగా చేరిన కుర్రవాండ్రు దీనికే వారము దినములు తికమకపడెదరు. నేనును పడితిని.

ఇంతవరకు అందరకును తెలిసినదే. ఇక చెప్పబోవునది చాలామందికి తెలియదు. సూక్ష్మదర్శిని గొప్పతనము పెద్దదిగా చూపుటలో లేదు; విడదీసి చూపుటలో నున్నది.

వార్తాపత్రికలోని బొమ్మను భూతద్దముతో చూడుడు. మొగము కనబడదు, నల్లచుక్కలు కనబడును. ఇంకను పెద్ద అద్దముతో చూచిన చుక్కలు పెద్దవగునే గాని, ఆ మనిషి కనురెప్పల వెండ్రుకలు కనబడవు. బొమ్మలో లేని వివరము పెంచుటచేత రాదు. సూక్ష్మదర్శినియు నిట్లే. కటకముపై కటకము పెట్టుచు లక్ష రెట్లు పెంచవచ్చును గాని ఒక హద్దు దాటిన పిదప పెరుగునది మసక మాత్రమే. ఆ హద్దు ఎంతయో 1873లో జర్మనీ దేశపు యేనా పట్టణమున ఎర్నెస్ట్ అబ్బే యను భౌతికశాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చెప్పెను.

వెలుతురు ఒక తరంగము. మన చెరువులో అలలు వచ్చుచున్నప్పుడు గట్టున నిలిచి చూడుడు. నీటిలో పెద్ద బండ యున్నచో అల దానికి తగిలి విరిగి, బండకు వెనుక నీరు నిలుకడగా నుండును. అలనుబట్టి అక్కడ బండ యున్నదని చూడకయే చెప్పవచ్చును. అదే చోట ఒక సన్నని తుంగపరక యున్నచో అలకు దాని సంగతియే పట్టదు. అది దాటిపోవును. వెలుతురు అల పొడవు మిల్లీమీటరులో వేయవ వంతునకును తక్కువ. ఆ వేయవ వంతును మైక్రాను అందురు. పచ్చని వెలుతురు అల పొడవు దానిలో సగమునకు కొంచెము ఎక్కువ. దానిలో మరల సగముకంటె చిన్న యెడముతో నున్న రెండు చుక్కలను వెలుతురు రెండుగా చూపజాలదు, ఒక్కటిగానే కలిపివేయును. కావున వెలుతురుతో పనిచేయు ఏ సూక్ష్మదర్శినికైనను సామాన్యముగా హద్దు మైక్రానులో అయిదవ వంతు. మన కంటికి హద్దు సుమారు నూరు మైక్రానులు. ఈ రెండింటి నడుమ అయిదువందల రెట్ల యెడము కలదు. ఆ యెడములో నున్న లోకమంతయు ఈ గొట్టము మనకు ప్రసాదించినదే. మన నెత్తుటిలోని ఎర్రకణము ఏడు మైక్రానుల బిళ్ళ. తలవెండ్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులు. అనగా వెండ్రుక అడ్డుకొలతలో పది ఎర్రకణములను వరుసగా పేర్చవచ్చును.

ఈ హద్దు వరకైనను పోవలెనన్న వస్తువునుండి నలువైపులకు చెదరిపోవు వెలుతురును వీలైనంత ఎక్కువగా కటకము పోగుచేయవలెను. అంచులకు చెదరిన కిరణములలోనే సన్నని వివరములుండును. కాని గాజునుండి గాలిలోనికి వచ్చునప్పుడు ఏటవాలు కిరణములు మరీ వంగి తప్పిపోవును. అందుకై నూరు రెట్ల కటకముతో చూచునప్పుడు కటకమునకును గాజుపలకకును మధ్య ఒక చుక్క నూనె వేయుదుము. ఈ నూనె వెలుతురును సరిగా గాజు వంచినట్లే వంచును. వెలుతురుకు తాను గాజు దాటితినని తెలియదు, నేరుగా కటకములోనికి పోవును. వెనుకటి రోజులలో దీనికి దేవదారు నూనె వాడెడివారము. చూచుట ముగిసిన వెంటనే తుడువకున్న జిగురై కటకమునకు పట్టును. ఎన్ని కటకములు అట్లు పాడైనవో!

నూనెతో పాటు రంగు కూడ కావలెను. జీవకణములు గాజువలె పారదర్శకములు. నీటిలో గాజుముక్క కనబడనట్లే అవియు కనబడవు. మన ఆడువారు చీరకు రంగు వేయునప్పుడు నూలు ఒకవిధముగను పట్టు మరియొకవిధముగను రంగు పట్టుట చూచియున్నారు. కణములోని భాగములును అంతే. ఒక భాగము నీలమును, మరియొకటి ఎరుపును పీల్చుకొనును. చలిజ్వరపు పురుగును పట్టించునది ఈ రంగుల తేడాయే.

చలిజ్వరమనగానే మనకు మన్నెము గుర్తుకు వచ్చును. మాడుగుల వైపు కొండలు చూచుచు పెరిగిన మనకు పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతముల జ్వరము కొత్తగాదు. కొండకు పోయి వచ్చినవాడు దుప్పటి కప్పుకొని వణకుట, తరువాత కడుపులో ‘బల్ల’ పెరుగుట మన పెద్దలెరిగినదే. గాలి సరిపడలేదనిరి, నీరు సరిపడలేదనిరి. గాలియు కాదు, నీరును కాదని నిర్ధారణయైనది మన తెలుగునేలమీదనే, ఇటువంటి గొట్టము సాయముననే. ఆ కథను కొంచెము నిదానముగా చెప్పెదను.

1880లో అల్జీరియా దేశమున లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు చలిజ్వరపు రోగి నెత్తుటిలో నెలవంకవంటి ఆకారములను, కదలుచున్న జీవులను చూచి, జ్వరమునకు కారణము ఇదియేయని ప్రకటించెను. నమ్మినవారు కొలదిమంది. నమ్మనివారిలో మన దేశమున పనిచేయుచుండిన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడొకడు. ఆయన 1857లో అల్మోరాలో జన్మించెను, 1881లో ఇండియను వైద్య సర్వీసులో చేరెను, కవిత్వమును వ్రాసెడివాడు. తాను ఎంత వెదకినను నెత్తుటిలో ఆ పురుగు కనబడనందున, అట్టిది లేదనియే రాస్ వాదించెను. 1894లో సెలవుపై లండను పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టి సూక్ష్మదర్శినిలో చూపెను. ఒకసారి చూపిన తరువాత రాస్‌కు ఎల్లప్పుడును కనబడెను! పురుగు మునుపును అక్కడనే యున్నది. కన్నును మునుపటి కన్నే. చూచుట నేర్పినవాడు లేకపోయెను, అంతే.

దోమకు ఈ జ్వరముతో సంబంధమున్నదని మాన్సన్ ఊహ. ఆ ఊహను మూటగట్టుకొని 1895లో రాస్ సికిందరాబాదు చేరెను. రెండు సంవత్సరములు దోమలను కోసి కోసి చూచెను, ఏమియు దొరకలేదు. ఆయన కోసినవి జ్వరమును మోయని జాతి దోమలని అప్పుడాయనకు తెలియదు. 1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలుగల వేరొక జాతి దోమ పిల్లలు దొరకెను. వాటిని పెంచి, ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను జ్వరపు రోగిచేత కుట్టించుకొనజేసెను. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా అతనికి కూలి. నాలుగు దినముల తరువాత, ఆగస్టు 20వ తేదీనాటికి ఆ దోమలలో మిగిలినవి కొన్నియే. బేగంపేటలోని వైద్యశాలలో ఉక్కగా నున్నది. పంకా వేసిన కోసిన దోమ ముక్కలు ఎగిరిపోవును గనుక పంకా లేదు. నొసటి చెమట, చేతి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క అక్షికటకము పగిలియున్నది. ఆ పగిలిన గాజుతోనే దోమను భాగము భాగముగా వెదకి, కడపట దాని పొట్టగోడవద్దకు వచ్చెను. అక్కడ, దోమకు సహజము గాని, గుండ్రని కణమొకటి కనబడెను. దాని అడ్డుకొలత పండ్రెండు మైక్రానులు. లోపల నల్లని రేణువులు గలవు.

ఆ రేణువులే సమస్తము. చలిజ్వరపు పురుగు మన ఎర్రకణమును తిని, దానిలో తనకు పనికిరాని ఇనుపపు అంశమును నల్లని పొడిగా మిగుల్చును. ఆ నల్లపొడిని రాస్ రోగుల నెత్తుటిలో అప్పటికి వేలసార్లు చూచియుండెను. అదే పొడి దోమ పొట్టలో! తెలియనివాడు చూచిన అది మురికిచుక్క. మరునాడు, 21వ తేదీన, మరియొక దోమను కోసెను. అందులోను ఆ కణములే, కాని ముందునాటికంటె పెద్దవి. అనగా అవి దోమలో పెరుగుచున్నవన్నమాట. పెరుగునది మురికి కాజాలదు. ఆ తరువాత బదిలీలై పని ఆగి, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధనచేసి, ఆ పురుగు దోమ లాలాజల గ్రంథులలోనికి చేరి కాటుతో మరియొక ప్రాణికి పోవుటను చూపెను. మనుష్యులకు సంబంధించినంతవరకు అనాఫిలిస్ దోమయే దోషియని ఇటలీ దేశపు గ్రాస్సీ మొదలగువారు ఆ సంవత్సరముననే నిరూపించిరి. 1902లో రాస్‌కు నోబెలు బహుమానము వచ్చినది. బేగంపేటలో ఆ భవనము ఆయన పేరున నిలిచియున్నది. ప్రపంచమంతటను ఆగస్టు 20వ తేదీని దోమల దినముగా పాటింతురు. హుసేన్ ఖాన్ పేరు మాత్రము ఎచ్చటను చెక్కియుండలేదని నాకు కొంచెము కష్టము తోచును.

ఇక నా సంగతి. దీనిని చెప్పుటయా మానుటయా యని రెండు దినములు ఆలోచించితిని. చెప్పకున్న ఈ ప్రసంగము సగమే యగును.

1953లో మన దేశమున మలేరియా నివారణ కార్యక్రమము ప్రారంభమై, ఇంటింట డి.డి.టి. చల్లిన ఫలితముగా 1961 నాటికి దేశము మొత్తముమీద కేసులు యాభైవేల ప్రాంతమునకు దిగెను. జబ్బు పోయినదనియే అందరును తలచిరి. పోలేదు. 1976లో అరువదినాలుగు లక్షలకు పైగా నమోదైనవి. ఆ వెల్లువలోనే నేను ఉద్యోగములో చేరితిని. మన్నెములో ఒక ఆరోగ్య కేంద్రము. పేరు చెప్పను. ఊరూర తిరిగి జ్వరపువారి వేలు పొడిచి గాజుపలకమీద నెత్తురు తీసి తెత్తురు. ఒక్కొక్క పలకమీద రెండు పూతలు. ఒకటి పలుచన, ఒకటి చిక్కన. చిక్కని పూతలో ఎర్రకణముల రంగు నీటితో కరగించివేయుదుము. అప్పుడు తెల్లకణములును, పురుగులుండిన ఆ పురుగులును మాత్రము మిగులును. గొట్టములో ఒకసారి కనబడు గుండ్రని చోటును క్షేత్రమందుము. ఆ నూనె కటకముతో పూతను క్షేత్రము తరువాత క్షేత్రముగా జరుపుచు, నూరు క్షేత్రములు చూచిన తరువాతనే ‘లేదు’ అని వ్రాయవలెను. నూరు క్షేత్రములనగా నెత్తురెంత? ఘన మిల్లీమీటరులో సుమారు నాలుగవ వంతు. వేలినుండి వచ్చిన చుక్కలో మిక్కిలి చిన్న భాగము. అంత చూచియు అదృష్టము బాగులేకున్న తప్పిపోవచ్చును. తక్కువ చూచిన చెప్పనేల?

ఒకనాటి సాయంకాలము, విద్యుచ్ఛక్తి లేక కిటికీ వెలుతురుతో అద్దము త్రిప్పుకొనుచు చూచుచుంటిని. పలకలు అరువది పైచిలుకు. చీకటి పడుచున్నది. ఒక పలకలో ఇరువది క్షేత్రములు చూచితినో, ఇరువదియైదు చూచితినో. ఏమియు లేదు. ‘లేదు’ అని పుస్తకములో వ్రాసి తరువాతి పలక తీసితిని. అది ఎనిమిదేండ్ల బాలునిది.

నెలన్నర గడచిన పిదప ఆ బాలుని తల్లి కొండ దిగి పిల్లవానిని ఎత్తుకొని వచ్చినది. కడుపులో బల్ల చేతికి తగులుచున్నది. పెదవులు తెల్లబడినవి. మాకు జ్వరము లేదని మీరే చెప్పితిరి గదాయని ఆమె నాతో జగడమాడలేదు. ఇంతే యన్నది: “బాబూ, నీ అద్దంలో లేదేమో గానీ, ఆడి ఒంట్లో ఉంది. మళ్ళీ చూడు.”

మరల నెత్తురు తీసి ఆ పూటనే చూచితిని. మూడవ క్షేత్రములోనే నెలవంకలు. లావెరాన్ చూచిన ఆ నెలవంకలే. అవి దోమకు అందుటకు సిద్ధముగా నున్న రూపములు. అంతకంతకు ఉంగరములవంటి చిన్న పురుగులు. పాత పలకను దాచియుంచు నియమము కలదు గనుక దానినికూడ వెదకి తీసి, నూరు క్షేత్రములు వరుసగా చూచితిని. నలువదియొకటవ క్షేత్రములో ఒక ఉంగరము, డెబ్బది దాటిన తరువాత మరియొకటి. అది అప్పుడును ఉన్నది.

బాలుడు మందు పుచ్చుకొని కోలుకొనెను. వాని చెల్లెలు రెండేండ్లది. ఆమె అప్పటికి పది దినముల క్రిందట జ్వరముతో పోయినదని తల్లి మందు పొట్లము కొంగున ముడివేసికొనుచు చెప్పినది. ఆ పిల్ల జ్వరము అన్ననుండియే దోమద్వారా వచ్చినదనుటకు నా చేతిలో రుజువు లేదు. రాలేదని నాకు నేను చెప్పుకొనుటకును వీలులేకపోయెను. ఆ తరువాత నా ఉద్యోగకాలమంతయు బల్లమీద నూరు చింతగింజలున్న డబ్బా ఒకటి పెట్టుకొని, క్షేత్రమునకొక గింజ జరుపుచు చూచితిని. తోటివారు నవ్వెడివారు. నవ్వనిచ్చితిని.

ఇప్పుడు నెత్తుటి చుక్కను పట్టీమీద వేసిన పావుగంటలో ఫలితము చెప్పు సాధనములు వచ్చినవి. మారుమూల గూడెములలో అవి ఎంతో మేలు చేయుచున్నవి. కాని పురుగులెన్ని యున్నవి, మందు వేసిన తరువాత తగ్గుచున్నవా లేదా యని చెప్పుటకు నేటికిని ఈ గొట్టమే ఆధారము. జ్వరము వచ్చినప్పుడు మీ వేలు పొడువ వచ్చినవారిని పొమ్మనకుడు. ఒకసారి లేదనినను జ్వరము విడువకున్న మరల తీయుడని మీరే అడుగుడు. ఆ తల్లి అడిగినట్లు అడుగుడు.

సభలో రైతులు చాలమంది యున్నారు. నెత్తురు సంగతియేగాని చెరకు సంగతి లేదాయని వారు మనసులో అనుకొనుచుందురు. చెరకులో ఎర్రకుళ్ళు తెగులు మీరెరుగుదురు. గడను నిలువునా చీల్చిన లోపల ఎర్రగా, నడుమ నడుమ అడ్డముగా తెల్లమచ్చలతో, పులిసిన కల్లు వాసన వేయును. గానుగకు పెట్టిన బెల్లము కట్టదు. గడచిన శతాబ్ది ఆరంభమున గోదావరి డెల్టాలో ఈ తెగులు చెరకు తోటలను నాశనముచేయగా, మదరాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడు బార్బరు దానిని పరిశీలించెను. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రము వెలసినది ఈ బాధవలననే. మన అనకాపల్లి పరిశోధన క్షేత్రము 1913 నాటిది. ఈ తెగులుకు కారణము ఒక శిలీంధ్రము, అనగా బూజు జాతిది. దాని విత్తులవంటి బీజములను సూక్ష్మదర్శినిలో చూచిన కొడవలివలె వంపుతిరిగి యుండును. లాటిను భాషలో దాని పేరులోని ‘ఫాల్కేటం’ అను మాటకు కొడవలి ఆకారము గలదని అర్థము. చెరకు కోయు కొడవలి మీ చేతిలో నుండగా, కంటికి కనబడని కొడవళ్ళు గడలోపల ముందే కోత ప్రారంభించినవన్నమాట! పైకి పచ్చగా నున్న తోటనుండి తెచ్చిన ముచ్చెలలోనే ఇవి దాగి మరుసటి సంవత్సరపు మడికి చేరును. కోసిన ముచ్చె కొనన ఎరుపు కనబడినచో దానిని నాటకుడు, కాల్చివేయుడు. ఎర్రజీర గల గడనుండి తీసిన ఒక పలకను తెచ్చితిని. కొడవళ్ళను మీరే చూడవచ్చును.

ఈ గొట్టమునకు కనబడనివి లేకపోలేదు. మశూచి, పోలియో, ఇటీవల 2020లో మనలనందరను ఇండ్లలో కూర్చుండబెట్టిన కరోనా మొదలగు వైరసులలో చాలవరకు నేను చెప్పిన ఆ హద్దుకంటె చిన్నవి. వెలుతురు అలకు అవి తుంగపరకలు. వాటిని చూచుటకు వెలుతురునకు బదులు ఎలక్ట్రానులను వాడు సూక్ష్మదర్శినిని 1931లో జర్మనీలో క్నాల్, రుస్కా యనువారు నిర్మించిరి. అది గది నిండు యంత్రము, మన గ్రంథాలయములో పట్టదు. మనకు పట్టునది మరియొకటి కలదు. మను ప్రకాష్ అను మన దేశపు శాస్త్రజ్ఞుడు అమెరికాలో తన సహచరులతో కలిసి మందపు కాగితమును మడచి, నడుమ లీవెన్‌హుక్ పూసవంటి చిన్న కటకమును అమర్చి, 140 రెట్లు చూపు సూక్ష్మదర్శినిని రూపొందించి 2014లో ప్రకటించెను. జేబులో పట్టును, వెల స్వల్పము. గ్రంథములతోపాటు ఇట్టివి రెండు మూడు గ్రంథాలయము కొని, పిల్లలకు పుస్తకమువలెనే ఇంటికి ఇచ్చినచో బాగుండునని కార్యదర్శిగారికి ఈ సభాముఖముగా మనవి చేయుచున్నాను. చిరిగిన పుస్తకమునకు వేయు జరిమానాయే దీనికిని వేయవచ్చును.

ఇక పలకలు. మొదటిది ఉల్లిపొర, గదులు గదులుగా కనబడును. ఈ గదులను బెరడులో చూచియే హుక్ 1665లో వాటికి ‘సెల్’, అనగా చిన్నగది, అని పేరు పెట్టెను. రెండవది ఈ ఉదయము మన చెరువునుండి తెచ్చిన నీరు. అందులో నున్నవి బ్రతికియున్నవి, కనుక తొందరగా చూడవలెను. మూడవది చెరకు. నాలుగవది నెత్తురు, చాల ఏండ్ల క్రిందటిది, రంగు వెలిసినది. దానిని నూనె వేసి నేనే అమర్చెదను.

పిల్లలు ముందు రండు. పెద్దలు కళ్ళద్దములు తీసివేయవచ్చును. ఒక కన్ను మోపినప్పుడు రెండవ కంటిని మూయకుడు, అలసిపోవును, తెరచియే యుంచుడు. పెద్ద మరను ముట్టవలదు, నేను సరిచేసితిని. ప్రక్కనున్న చిన్న మరను మాత్రము వెండ్రుకవాసి త్రిప్పుడు. మొదట మసకయే కనబడును. లేవకుడు, కొంచెము సేపు అట్లే చూచుచుండుడు.